తలుపు బయటి గొంతు

ముఖం కోసం కాదు, ఆ ముఖం మీద పడే చూపు కోసం. ఈ తేడా కథ రాసినవాళ్లకైనా తెలుసో లేదో. తెలిస్తే, టీవీ బొమ్మల సీరియల్లో తాను గొంతు ఇచ్చే నుకెగారాకు అన్ని పగలూ అన్ని ప్రతిజ్ఞలూ అంటగట్టి ఉండేవారు కాదు, అనుకుంటోంది ఇసోబె కయో. రైలు యొయొగి స్టేషన్లో ఆగింది. పక్కనున్న ముసలావిడ లేస్తూ గొడుగు కయో మోకాలికి తగిలించకపోతే, తాను కూడా అక్కడే దిగాలన్న సంగతి గుర్తొచ్చేదే కాదు.

మెట్లు ఎక్కుతున్నా ఆలోచన అక్కడే ఉంది. నుకెగారా ఇంకొకరి రూపం ఎత్తుతుంది. వాళ్ల ఇంట్లోకి వెళ్లి వాళ్ల చోట్లో కూర్చుంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు తలెత్తి చూస్తారు. ‘వచ్చావా, రా, చల్లారిపోతోంది తిను’ అనే చూపు. ఆ ఒక్కదాని కోసం అంత దూరం వచ్చింది పిల్ల. దొరుకుతుంది కూడా. కానీ దొరికిన మరుక్షణం, ఆ చూపు తనకు కాదు, తాను తొడుక్కున్న ముఖానికి అని తెలిసిపోతుంది. ఇక ఆ ముఖం మీదే కళ్లు కుడతాయి. తన ఒంటి మీదే ఉన్న ముఖం! పరాయివాళ్ల మీద అసూయ అయితే వాళ్లకు దూరంగా పారిపోవచ్చు. దీనికి ఎక్కడికి పోతుంది? గోళ్లతో చీల్చేసుకుంటుంది. తనను అంత ప్రేమగా చూసిన ఇంటినే తగలబెడుతుంది. టీవీ ముందు పిల్లలు ఛీ ఛీ అంటారు.

కొత్త సంవత్సరానికి చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు దాని కూతురు అడిగింది. “పెద్దమ్మా, నువ్వెప్పుడు చస్తావ్?”

“మార్చిలో టీవీలో వస్తుందిలే.”

“అమ్మయ్య,” అంది పిల్ల, మోచి అనే జిగురు బియ్యపు ముద్దను సాగదీసుకుని తింటూ.

టీవీలో మార్చి అయితే, కయోకి ఈరోజే. చివరి భాగానికి గొంతులు ఇచ్చేది ఈరోజు. స్టూడియో ఒక చెప్పుల దుకాణం కింద, నేలమాళిగలో ఉంది. దుకాణం ముందు మంచు ఎత్తిపోసిన చోట నల్లని నీళ్లు నిలిచాయి. వాటిని దాటుకుని మెట్లు దిగుతుంటే గుండె కొంచెం వేగంగా కొట్టుకోవడం కయో గమనించింది. సిగ్గనిపించింది. నలభై నాలుగేళ్లు వచ్చాక ఒక్క మాట కోసం ఇంత దడ.

నుకెగారా అంటే కీచురాయి విడిచిపోయిన డొల్ల. ఆ సీరియల్లో ఆమే ప్రధానమైన విలన్. గోడల మీద అంటించే పెద్ద బొమ్మల్లో కథానాయిక హినావో వెనుక నీడలా నిలబడేది ఆమే. అయితే ఈ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. రూపం ఎవరిదో గొంతూ వాళ్లదే. నుకెగారా పూజారిగా మారితే పూజారి పాత్రధారి మాట్లాడతాడు, దాదిగా మారితే దాది పాత్రధారిణి మాట్లాడుతుంది. కయోకి మిగిలేది మారకముందు ఒక నవ్వు, ముసుగు జారినప్పుడు ఒక మూలుగు. మిగతా సమయమంతా గోడ వారన బెంచీ మీద, స్క్రిప్టు ఒళ్లో పెట్టుకుని, తన పాత్ర పరాయి గొంతుల్లో మాట్లాడుతుంటే వినడమే పని. మొదట్లో అది హాయిగానే ఉండేది. తరువాత తరువాత, ఇది నటన కాదు, దీన్నే బతుకు అంటారు అనిపించడం మొదలైంది.

అందుకే చివరి భాగం స్క్రిప్టు చేతికి వచ్చినప్పుడు రెండుసార్లు చదువుకుంది.

మంచు కురిసే రాత్రి. గాయపడిన నుకెగారా హినావో రూపంలో హినావో ఇంటి తలుపు దగ్గరికి పాకుతూ వస్తుంది. లోపల అసలు హినావో, ఆమె తాతయ్య పొయ్యి దగ్గర కూర్చుని ఉంటారు. బయటి నుంచి మాట వినిపిస్తుంది. “తాతయ్యా, తలుపు తీయవా. చలిగా ఉంది.” తలుపు తెరుచుకోదు. తెల్లవారేసరికి గుమ్మం ముందు మంచు మాత్రం ఉంటుంది. అంతే కథ.

ఆ మాట పైన ‘నుకెగారా’ అని మాత్రమే ఉంది. ఎప్పుడూ ఉండేట్టు ఎవరి రూపమో పక్కన రాసి లేదు. సాధనకు పంపిన వీడియోలో బొమ్మలు ఇంకా పూర్తి కాలేదు. తలుపు, మంచు, గుడ్డులాంటి తల, ఆ తల మీద అడ్డంగా నిలువుగా రెండు గీతలు. ముఖం లేదు. అంటే అప్పటికే హినావో రూపం కరిగిపోయి ఉంటుంది, చావు ముందు అసలు గొంతు బయటికి వస్తుంది, అనుకుంది కయో. చిత్రకారులు ఎప్పుడూ వెనకబడే ఉంటారని, ముఖాలు గీయని బొమ్మలకు గొంతులు ఇచ్చి ఇచ్చి ముసలివాళ్లయిన మనుషులున్న చోట తాను పనిచేస్తోందని తెలిసి కూడా, అలాగే అనుకుంది. నమ్మాలనుకున్నవాళ్లకు ఖాళీ ముఖం చాలు.

వారమంతా పరుపులు పెట్టుకునే అల్మారాలో దూరి తలుపు మూసుకుని ఆ మాట సాధన చేసింది. పక్క వాటాలవాళ్లకు వినిపించకుండా సాధన చెయ్యాలంటే టోక్యోలో అంతకంటే మంచి చోటు లేదు. మొదటి రోజు ఏడుస్తూ చెప్పింది. బాగాలేదు. బతిమాలుతూ చెప్పింది. అదీ కాదు. ఆ చీకట్లో ఒక రాత్రి ఉన్నట్టుండి తెలిసింది. తనకు ఏ తలుపూ ఎప్పుడూ తెరుచుకోని మనిషి గట్టిగా అడగదు. తెరుస్తారేమో అన్న ఆశ ఉన్నవాళ్లే ఏడుస్తారు. ఈమె లోపలివాళ్లకు నిద్రాభంగం కాకుండా అడుగుతుంది. అడిగినందుకు క్షమించమన్నట్టు అడుగుతుంది. అలా చెప్పి చూసుకుంది. చెప్పాక చాలాసేపు అల్మారాలోంచి బయటికి రాలేకపోయింది.

*

“ఏమ్మాయ్, ఈరోజు చస్తున్నావట కదా! అన్నం తిని వచ్చావా?” అన్నాడు బంబా, లోపలికి రాగానే. తాతయ్య పాత్రధారి. డెబ్బై దాటాయి. మెత్తని ఉన్ని చొక్కా వేసుకుని, తలుపుకు దూరంగా పెద్దవాళ్లు కూర్చునే చోట కూర్చుని ఉన్నాడు.

“తిన్నాను పెద్దాయనా.”

“మంచిపని చేశావ్. చచ్చేటప్పుడు కడుపు గుర్రుమంటే మైకు పట్టేస్తుంది. ఒకసారి యుద్ధం సినిమాలో నేను వీరమరణం పొందుతుంటే నా పేగులు చప్పట్లు కొట్టాయి.”

బెంచీ మీద నవ్వులు. షిరాకురా మిత్సుకి అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వింది. హినావో పాత్ర ఆమెదే. కయో, ఆమె ఒకే ఏడాది శిక్షణలో చేరారు, ఒకే గదిలో అద్దెకున్నారు, ఒకే కుండలో నూడుల్స్ వండుకున్నారు. మిత్సుకి గొంతు ఏ పాత్రలోనైనా మిత్సుకి గొంతే. ఎండాకాలం పుచ్చకాయ కోసినప్పుడు వచ్చే చప్పుడులా చల్లగా, విరిగిపోతూ ఉంటుంది. దాన్ని విన్నవాళ్లు మళ్లీ వినాలనుకుంటారు. కయో గొంతు ఎవరి గొంతయినా కాగలదు. అందుకే ఎవరికీ గుర్తుండదు.

చాలా ఏళ్ల కిందట మిత్సుకికి జ్వరం వచ్చి పడుకుంటే, ఒక సన్నివేశంలో నాలుగు మాటలు తక్కువయ్యాయి. దర్శకుడు కయోని పిలిచి మిత్సుకి గొంతుతో చెప్పించాడు. ఎవరూ కనిపెట్టలేదు. తరువాత మిత్సుకి పడీపడీ నవ్వుతూ చెప్పింది. “మా అమ్మ ఫోన్ చేసిందే! ఆ భాగంలో నీ గొంతు ఎంత బాగుందే బంగారం, చిన్నప్పుడు నన్ను పిలిచినట్టు ఉంది, అంటుంది. ఆ నాలుగు మాటల గురించే!” కయో కూడా నవ్వింది. ఆ రాత్రి పళ్లు తోముకుంటూ అద్దంలో చూసుకుంటే, ఆ తల్లి ప్రేమ తన నోట్లోంచి వెళ్లి ఇంకెవరికో చేరిందన్న మాట తట్టింది. కుళ్లు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అది మిత్సుకి మీద కూడా కాదు. మిత్సుకిలా పలికిన తన గొంతు మీద.

ధ్వని దర్శకుడు ఉగాకి అద్దం అవతలి నుంచి స్పీకర్లో పలికాడు. “మొదలుపెట్టే ముందు ఒక దిద్దుబాటు. చివరి పేజీలో, తలుపు దగ్గరి మాట. అక్కడ ఇంకా హినావో ముఖమే. రూపం రాయడం మరిచిపోయారు. షిరాకురా గారు చెబుతారు. ఇసోబె గారూ, మీకు అంతకుముందున్న దగ్గు మాత్రం.”

“అలాగేనండీ,” అంది కయో. గొంతు మామూలుగానే వచ్చింది. ఇలాంటప్పుడు గొంతును మామూలుగా ఉంచడమే తనకు చేతనైన విద్య.

పెన్సిళ్లు కాగితం మీద గీకిన చప్పుడు. తానూ గీసుకుంది. పెన్సిల్ మొన విరిగింది. పక్కనుంచి మిత్సుకి తన పెన్సిల్ అందించింది. కయో దాన్ని తీసుకోక తప్పలేదు.

సాధనగా ఒకసారి మొత్తం నడిపారు. చప్పుడు కాకుండా పేజీలు తిప్పుకుంటూ, ఒకరి వంతు అవగానే ఒకరు పక్కకు జరుగుతూ, మైకుల ముందు మనుషులు నీళ్లలో చేపల్లా మారారు. కయో దగ్గింది, వెనక్కి జరిగింది. మిత్సుకి ముందుకు వచ్చింది.

“తాతయ్యా, తలుపు తీయవా. చలిగా ఉంది.”

బంబా ముక్కు ఎగబీల్చాడు. నిజంగానే ఏడుపు వచ్చేలా ఉంది. కయో మాత్రం స్క్రిప్టులో ఆ మాట మీద వేలు పెట్టి చూసింది. తప్పు. అంతా తప్పు. ఎంత అందంగా ఉందో అంత తప్పు. అది బడి నుంచి తడిసి వచ్చిన పిల్ల గొంతు. తువ్వాలు తీసుకుని ఎవరో పరిగెత్తుకొస్తారని తెలిసిన గొంతు. ఈ సంగతి ఈ గదిలో తనకొక్కదానికే తెలుసు. ఎవరూ కనిపెట్టకపోతే బాగుండు, అలాగే టీవీలో రానీ, అనుకుంది. అనుకున్నాక, అలా అనుకున్నది ఎవరో పరాయి మనిషి అన్నట్టు ఒక్క క్షణం తనలోకే తొంగి చూసింది.

స్పీకర్లో ఉగాకి గొంతు గరగరలాడింది.

“షిరాకురా గారూ, బాగుంది. చాలా బాగుంది. కానీ, ఎలా చెప్పను… తలుపు తెరుస్తారని మీ గొంతుకు నమ్మకం ఉంది. మా తలుపు తెరుచుకోదు కదా.”

“క్షమించండి. ఇంకోసారి చెప్తాను.”

రెండోసారి గొంతు వణికించింది. మూడోసారి బొంగురు చేసింది. నాలుగోసారికి పుచ్చకాయ గొంతులో నీళ్లే లేకుండా పోయాయి. మెడ మీద నరం తేలింది. ఉగాకి పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

“భోజనాలకు వెళ్లిరండి. ఆ ముఖం ఎలాగూ ఇంకా గీయలేదు. ఎవరు చెబితే వాళ్ల ముఖమే గీయిస్తాను. మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి.”

*

నడవ చివర వేడి పానీయాల డబ్బాలు అమ్మే యంత్రం గుర్రుగుర్రుమంటోంది. కయో దాని పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఇప్పుడు తాను ఏమీ చెయ్యనక్కరలేదు. మాట్లాడకుండా ఉంటే చాలు. మిత్సుకి ఓడిపోతుంది, మాట తన దగ్గరికి నడిచి వస్తుంది.

“ఏంటే, ఎండుచేపలా అలా వేలాడుతున్నావ్?” మిత్సుకి రెండు మొక్కజొన్న సూపు డబ్బాలు పట్టుకుని వచ్చింది. “ఇదిగో. ఊపి తాగు. లేకపోతే గింజలు అడుగున ఇరుక్కుంటాయి.”

“నాకు తెలీదా?”

“తెలిసినా ఊపవు. చివర్లో డబ్బా నెత్తిమీదికి ఎత్తి నాలుక చాపుతావ్. నీ పరువు నేను కాపాడుకుంటూ రావాల్సి వస్తోంది.” తన డబ్బా తెరిచి ఒక గుక్క తాగింది. నవ్వు ముఖంలో ఎక్కువసేపు నిలవలేదు. “ఒసే కయో. నిజం చెప్పు. అంత ఘోరంగా ఉందా?”

“లేదే. బాగానే ఉంది. మొదటిసారి చెప్పినట్టే చెప్పెయ్.”

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. నుకెగారా ఇళ్లు తగలబెట్టేది నిప్పుతో. తనకు ఇంత చల్లని మాట సరిపోయింది. కయో డబ్బాను రెండు చేతులా పట్టుకుంది. వేళ్లు కాలుతున్నా వదల్లేదు.

“అబద్ధం,” అంది మిత్సుకి. “నువ్వు నన్ను తిడితే నిజం చెప్తున్నట్టు. పొగిడావంటే నాకు భయం వేస్తుంది. మొన్న నా జుట్టు బాగుందన్నావ్, ఇంటికెళ్లి అద్దంలో చూస్తే కాకిగూడు.”

కయోకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది.

“అసలు నాకు అర్థం కానిది ఒకటుంది,” మిత్సుకి గోడకు వీపు ఆనించి కింద కూర్చుంది. “తలుపు తీయమని ఎలా అడుగుతారే? మా ఊళ్లో మా ఇంటికి గడియే వేసేవాళ్లు కాదు. నేను ఎప్పుడూ అడగలేదు. ఇక్కడికి వచ్చాక నీతో ఉన్నాను. నా చెప్పుల చప్పుడు వినగానే నువ్వే తీసేదానివి. తాళంచెవి ఎన్నిసార్లు పారేసుకున్నానో కూడా నాకు తెలీదు, ఎందుకంటే అవసరమే రాలేదు.”

అది నిజం. ఆ చెప్పుల చప్పుడు కోసం కయో మెలకువగా పడుకునేది. ఆ సంగతి తనకే గుర్తు లేదు.

“పోనీ నువ్వే చెప్పేయవే,” అంది మిత్సుకి. “వెటకారం కాదు, నిజంగా. ఆ పిల్లను ఇన్నాళ్లు మోసింది నువ్వు. చచ్చేటప్పుడైనా దాని ముఖం దానికి ఉండాలి. నేనే వెళ్లి ఉగాకి గారికి చెప్తాను.”

వచ్చేసింది. అడగకుండానే, ఎవరి దగ్గరా లాక్కోకుండానే వచ్చేసింది. కయో లోపల సంతోషం కోసం వెతుక్కుంది. దాని బదులు ఆ సన్నివేశం కనిపించింది. మంచు. తలుపు. తన గొంతు. లోపల ముసలాయన ముక్కూ మొహం తెలియని ఆడమనిషి గొంతు వింటాడు. తలుపు తీయడు. ఎందుకు తీస్తాడు? ఎవరు తీస్తారు? అందులో కథ ఏముంది?

అదే హినావో గొంతయితే? ముసలాయన చెయ్యి తనకు తెలియకుండానే గడియ మీదికి వెళుతుంది. పక్కనే కూర్చున్న అసలు మనవరాలు ఆ చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఇక బయట ఉన్న పిల్ల, ఏ తలుపునైనా తెరిపించగల గొంతు నోట్లో పెట్టుకుని కూడా, ఇది తెరుచుకోదని తెలిసి, మెల్లగా అడుగుతుంది. అంత మంచి గొంతు దొరికినా ఆ గొంతు లోపల ఉన్నది తానే కదా.

అక్కడ ఉంది నుకెగారా. అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. కయో ఆ సన్నివేశాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. తనకు చోటు ఉండేలా ఎలాగైనా అమర్చాలని చూసింది. కుదరలేదు. ఆ మాట ఎలా పలకాలో తెలిసినది తానొక్కతే. ఆ మాట పలకాల్సిన గొంతు మాత్రం తనది కాదు. ఇది ఉగాకికి తెలియదు, మిత్సుకికి తెలియదు. తాను ‘సరే’ అంటే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అందరూ మెచ్చుకుంటారు కూడా. మెచ్చుకునేది తననే, తన గొంతునే. ఎన్నాళ్లుగానో కోరుకున్నది అదే.

“ఏమే, పలకవేం?” మిత్సుకి తలెత్తి చూసింది. “చెప్తావా? లేకపోతే నాకు చూపిస్తావా, ఎలా చెప్పాలో? ఒకళ్ల మాట ఒకళ్లు చెప్పి చూపించకూడదని నాకూ తెలుసులే. బంబా పెద్దాయన వింటే మనిద్దర్నీ బయటికి గెంటుతాడు. కానీ నీ దగ్గర నాకేంటి సిగ్గు?”

అవతలి నుంచి ఎవరో తలుపు కొద్దిగా తెరిచి, “అందరూ రండీ, మొదలుపెడదాం,” అని కేకేశారు. కుర్చీలు జరుగుతున్నాయి. బంబా ఎవరితోనో పేగుల కథ మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాడు.

మిత్సుకి లేచి ప్యాంటు దులుపుకుంది. స్టూడియో వైపు రెండు అడుగులు వేసింది. ఆమె మెడ మీద నరం ఇంకా తేలే ఉంది.

“ఆగవే,” అంది కయో.

తాగని డబ్బాను యంత్రం మీద పెట్టింది. దగ్గరికి వెళ్లి, మిత్సుకి చెవి మీది జుట్టును వేలితో పక్కకు తీసింది. ఊపిరి సగమే తీసుకుంది. తరువాత మిత్సుకి గొంతుతోనే, ఇంకెవరికీ వినపడకూడదన్నంత మెల్లగా, తలుపు తీయమని అడిగింది.